వాలు మీద తొమ్మిది గీతలు

ఈ ఉదయం ఎర్రరంగు డబ్బా, అరంగుళం బ్రష్షు పట్టుకుని ర్యాంపు మీద కూర్చున్నాను. అక్కయ్య గది గుమ్మం నుంచి తోటలోకి దిగే సిమెంటు వాలు అది. దాని మీద అడ్డంగా తొమ్మిది గీతలు, వాటి పక్కన తొమ్మిది అంకెలు ఉంటాయి. రెండేళ్ళ ఎండకి, చక్రాల కుర్చీ రాపిడికి కింది మూడూ వెలిసిపోయాయి. వానలు పడేలోగా మళ్ళీ దిద్దాలి. మడి దగ్గర తోటకూర గిల్లుతున్న అక్కయ్య కుర్చీ ఇటు తిప్పి, "ఇంకా ఎన్నాళ్ళు దిద్దుతావురా వీటిని?" అంది. అన్నీ అయ్యాక చెబుతానన్నాను. అయ్యాయి గానీ చెప్పలేదు.

నాకు నీళ్ళంటే భయం. గోదావరి గట్టుకి ఇవతల పల్లంలో పుట్టినవాడు ఈ మాట పైకి అనకూడదు. అందుకే నేను లెక్కలు వేస్తాను. చదివింది పదో తరగతే అయినా, చేలు కొలవాలన్నా, గడ్డివాములో ఎంత గడ్డి ఉందో తేల్చాలన్నా మా ఊళ్ళో నన్నే పిలుస్తారు. ఈ అలవాటు బళ్ళో వచ్చింది కాదు. నా పదో ఏట గట్టు తెగిన రోజున, పెంకుటింటి అరుగు మీద నన్ను కూర్చోబెట్టి మా నాన్న ఒక పని అప్పజెప్పాడు. వీధిలోకి అయిదు మెట్లుండేవి. "మూడో మెట్టు మునగ్గానే పిలువు, అక్కని తీసుకుని గట్టెక్కేద్దాం" అని చెప్పి, ధాన్యం బస్తాలు అటక మీదికి చేర్చడానికి లోపలికి వెళ్ళాడు. అప్పటికే అట్టడుగు మెట్టు బురదనీళ్ళ కింద ఉంది. ఆ సంగతి నాకు తట్టలేదు. కనపడుతున్న మెట్టునే ఒకటి అనుకుని మొదలుపెట్టాను. నేను "మూడు" అని అరిచేసరికి నాలుగు మునిగాయి. వెనక వసారా ముందుగది కంటే రెండు మెట్లు పల్లం. పోలియో కాళ్ళతో నడవలేని అక్కయ్య అక్కడే చాప మీద కూర్చుని ఉంది. దొడ్డిగుమ్మంలోంచి వచ్చిన నీళ్ళు ఆమె గుండెల దాకా ఉన్నాయి. పిలిచిందట. వాన హోరులో ఎవరికీ వినపడలేదు. నాన్న ఆమెని భుజాల మీద ఎక్కించుకున్నాడు, నేను ఆయన పంచె పట్టుకున్నాను, గట్టెక్కాం. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఆ రోజుతో పోయేదేమో.

తర్వాత అదే స్థలంలో డాబా కట్టించినప్పుడు పునాది ముప్పై ఆరు అంగుళాలు లేపాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. మా వీధిలో రోడ్డు వేసిన ప్రతిసారీ పాత రోడ్డు మీదే కొత్తది వేస్తారు. రోడ్డు లేస్తే ఇళ్ళవాళ్ళు దొడ్లో మట్టి పోయించి మెరక తోలిస్తారు. ఒకళ్ళు తోలిస్తే ఆ నీళ్ళు పక్కింట్లోకి పోతాయి కాబట్టి పక్కింటివాళ్ళూ తోలిస్తారు. నేను మూడుసార్లు తోలించాను, మొదట తొమ్మిది అంగుళాలు, తర్వాత పన్నెండు, ఆ తర్వాత ఎనిమిది. ఊరందరికీ తీసివేతలు చేసిపెట్టే నేను, ఆ ముప్పై ఆరులోంచి వీటిని తీసే ఈ ఒక్క తీసివేత చేసుకోలేదు. మూడేళ్ళ కిందట ఒక పొద్దున్న గంటసేపు పడ్డ మామూలు వానకి అక్కయ్య గదిలోకి రెండంగుళాల నీళ్ళు వచ్చాయి. ఆమె మంచం మీద కూర్చుని కిందికి చూస్తోంది. నేను గుమ్మంలో నిలబడిపోయాను. నా కాళ్ళు కదలడానికి ఎంతసేపు పట్టిందో ఇప్పటికీ చెప్పలేను. అది నేను లెక్కపెట్టలేదు.

ఆ వారమే ఇంకో అడుగు మెరకకి ట్రాక్టరు చెప్పి వచ్చాను. అక్కయ్య నాకు చెప్పకుండా రాజమండ్రిలో ఉన్న ల్యాండ్‌స్కేప్ డిజైనర్ ఒకావిడకి ఫోన్ చేసింది. కుర్చీలో కూర్చునే మట్టిలో చేతులు పెట్టేలా తోట కావాలని ఆమె కోరిక. ముప్పై ఏళ్ళుంటాయేమో ఆ అమ్మాయికి. కాన్వాసు బూట్లు, టోపీ, చేతిలో టేపు. పూలమొక్కల బొమ్మలు చూపిస్తుందనుకున్నాను. గేటులో నిలబడి, "వానొస్తే నీళ్ళు ఎటు పోతాయండి?" అని అడిగింది.

"ఎటూ పోవు, నిలబడతాయి" అన్నాను.

దొడ్డి నుంచి గడప దాకా టేపు పెట్టి చూసింది. ఏడు అంగుళాలు. మళ్ళీ చూసింది. "ఇంత మెరక ఎవరు తోలించారు సార్?"

"ఇంకెవరమ్మా, మా తమ్ముడే. ఇంకో నాలుగు ట్రాక్టర్లు పడితే నన్ను ఇంటితో సహా పాతిపెట్టేసేవాడే" అంది అక్కయ్య.

నాలుగు రోజుల తర్వాత ఆ అమ్మాయి కాగితం పరిచింది. దొడ్లో ఇరవై అంగుళాలు తవ్వి మట్టి తీసేయాలి. నేల తూర్పుకి వాలాలి, ఆ చివర ఒక గుంట, అందులో మెట్టతామర, తుంగ. గుంటలోంచి గొట్టం వెనక పొలాలకి నీళ్ళు పారే పంటబోదెలోకి. గేటు దగ్గర రోడ్డునీళ్ళు రాకుండా చిన్న మిట్ట. ఇటుక కట్టి మోకాళ్ళెత్తున మళ్ళు, కుర్చీ దగ్గరికి వచ్చే అంచున మరువం, దవనం. ఇంతవరకూ ఎలాగో విన్నాను. తర్వాత అక్కయ్య గది నుంచి ర్యాంపు అంది. తవ్వాక గడప ఎత్తు ఇరవై ఏడు అంగుళాలవుతుంది కాబట్టి, అంగుళానికి అడుగు చొప్పున ఇరవై ఏడు అడుగుల వాలు. లెక్క సరిగ్గానే ఉంది.

"మెట్లయితే ఎన్ని మునిగాయో తెలుస్తుందమ్మా. వాలు మీద నీళ్ళు ఎంత వచ్చాయో ఎలా తెలుస్తుంది? నేరుగా గదిలోకి దారి వేసినట్టే కదా" అన్నాను.

ఆ అమ్మాయి నవ్వలేదు. "వాననీళ్ళకి నాది పూచీ అండి, గది దాకా రావు. గోదావరికి మాత్రం నేను మాటివ్వలేను. అప్పుడైనా ఈ వాలు ఉంటే అమ్మగారు ఎవరికోసం చూడకుండా బయటికి రాగలరు" అంది.

తవ్వడం మొదలయ్యాక నాకు అన్నం సయించలేదు. ముప్పై ఏళ్ళుగా నేను పేర్చుకున్న ధైర్యాన్ని గమేళాలతో ఎత్తి బయట పోస్తున్నట్టుండేది. మేస్త్రీలు మట్టం చూసే నీళ్ళగొట్టం తీసుకుని, వాళ్ళు భోజనానికి వెళ్ళినప్పుడల్లా నేనే మళ్ళీ చూసేవాణ్ణి. ఒకరోజు వాలు తూర్పుకి కాదు, ఇంటివైపే ఉందని తేలింది. పరుగున ఫోన్ చేశాను. ఆ అమ్మాయి కాకినాడ పని వదిలేసి వచ్చి, గొట్టం ఎత్తి వెలుగులో చూపించింది. మధ్యలో పెసరగింజంత గాలిబుడగ. దాన్ని వేలితో తట్టి పైకి పంపి మళ్ళీ చూస్తే వాలు తూర్పుకే ఉంది. "బుడగ ఉంటే ఎవరికైనా తప్పే వస్తుందండి" అంది. పని ముగిశాక ర్యాంపు మీద గీతలు గీస్తానంటే కూడా వద్దనలేదు. మూడంగుళాల ఎత్తుకి ఒకటి చొప్పున ఎక్కడెక్కడ పడాలో తనే సుద్దముక్కతో గుర్తులు పెట్టి ఇచ్చింది. కింది నుంచి అంకెలు కూడా వేయమంది.

గీతలు గీసిన ఏడు శ్రావణంలో వాన వచ్చింది. ఉదయం ఎనిమిదికి పట్టుకుంది, వదల్లేదు. బోదె నిండుగా పారుతోంది. మొదట గుంట నిండింది, తర్వాత నీళ్ళు తోటంతా పరుచుకున్నాయి. నేను గొడుగు వేసుకుని వాలు పైన కూర్చున్నాను. ఒకటి మునిగింది. దాని కింద ఇంకో గీత ఏదైనా ఉందేమోనని కర్రతో తడిమి చూశాను, నేను గీసిన గీతలే అయినా. మధ్యాహ్నానికి రెండు. కాసేపటికి మూడు. నాలుగో గీత కింద నీళ్ళు ఆడుతున్నాయి. "మూడు" అని లోపలికి అరిచాను. నా గొంతు నాకే పదేళ్ళ పిల్లాడిదిలా వినపడింది.

వెనక నుంచి చక్రాల చప్పుడు. అక్కయ్య తలుపు తీసుకుని వాలు దిగుతోంది. ఆపడానికి నా చేయి లేవలేదు. నన్ను దాటుకుని వెళ్ళి, నాలుగో గీత దగ్గర బ్రేకు వేసి, కాళ్ళు రెండూ చేతులతో ఎత్తి నీళ్ళలో పెట్టుకుంది. అలాగే కూర్చుంది. అప్పుడు చెప్పాను ఆమెకి, అడుగు మెట్టు సంగతి. ఎవరికీ ఎప్పుడూ చెప్పనిది.

వాన సన్నబడింది. "మెట్లా? నాకా రోజు నాన్న భుజాలే గుర్తురా. నాకు ఆరేళ్ళొచ్చాక ఆయన నన్నెత్తుకున్నది ఆ ఒక్కరోజే. ఊరంతా పైనుంచి కనపడింది. మన బడి మీది పెంకులు ఎర్రగా కడిగినట్టున్నాయి" అంది. తర్వాత కిందికి చూసి, "నీ మూడో గీత బయటపడింది చూడు" అంది.

నిజమే, నీళ్ళు తీస్తున్నాయి.

గోదావరికి ఎవరూ మాటివ్వలేదు కాబట్టి గీతలు దిద్దుతూనే ఉంటాను. ఒకే నీళ్ళలోంచి, ఒకే రోజు, ఒకే మనిషిని పట్టుకుని బయటపడ్డాం ఇద్దరం. ఆ రోజు అక్కయ్యకి సాయంత్రానికే గడిచిపోయింది. నేను మాత్రం ఇంకా అరుగు మీదే కూర్చుని, మొదటి మెట్టు ఏదో తేల్చుకుంటున్నాను.