హకీంగారి పలక

మార్కాపురంలో నాకు వైద్యం నేర్పిన హకీంగారు మొన్న శుక్రవారం పొద్దున పోయారు. తొమ్మిది రోజుల జ్వరం. మందు ఇచ్చింది నేనే. ఊళ్ళో ఆయన మందు తాగని ఇల్లు లేదు కాబట్టి ఆయన హస్తవాసి గురించి నేను చెప్పనక్కర్లేదు. నేను చెప్పాల్సింది వేరే ఉంది.

రోగి చాప మీద కూర్చోగానే మొదట "ఏం తిన్నావు?" అని అడిగేవారు, నొప్పి సంగతి తర్వాత. ఏ కషాయమైనా ముందు తాను ఒక చుక్క నాలుక మీద వేసుకుని, మొహం చిట్లించాకే ఇచ్చేవారు. నేను గొప్పలు పోతే, "నాయనా, రోగి నాడి కన్నా నీ నోరే జోరుగా కొట్టుకుంటాంది" అనేవారు. ఆయన వెనక గోడకు ఒక పలక వేలాడేది. దాని మీద మేకుతో గీకిన ఉర్దూ వరుసలు. నాకు ఉర్దూ రాదు. అవి మందుల రహస్యాలనీ, నాకు చెప్పకుండా దాస్తున్నారనీ ఏళ్ళ తరబడి కుళ్ళుకున్నాను. నా బుద్ధి అలాంటిది మరి.

మద్రాసు సర్కారు ఇంగ్లీషు డాక్టర్లకే పట్టాలిచ్చేది. మా బోటివాళ్ళ సంగతి ఎవరికీ పట్టేది కాదు. అందుకని చుట్టుపక్కల తాలూకాల్లో ఎవరు మందు ఇవ్వవచ్చో తేల్చడానికి, తప్పు చేసినవాణ్ణి పిలిచి నిలదీయడానికి మేమే ఒక మండలి పెట్టుకున్నాం. దాని అధ్యక్షుడు కాలం చేస్తే, కొత్తవాణ్ణి ఎంచే పని అందరూ హకీంగారికి అప్పగించారు. ఇంకేం, కుర్చీ నాదే అనుకున్నాను. కొత్త కోటు కూడా కుట్టించుకున్నాను.

ఆయన శ్లోకాలు అడగలేదు, మూలికల పేర్లు అడగలేదు. పోటీలో ఉన్న మా ముగ్గురినీ ఒకటే అడిగారు: "నీ చేతిలో పోయినోళ్ళు ఎవరప్పా?"

గిద్దలూరు ఆచారిగారు "దేవుడి దయవల్ల ఎవరూ లేరు" అన్నారు. నేనూ అదే మాట ఇంకాస్త గట్టిగా అన్నాను. పొదిలి వైద్యుడు మాత్రం తల వంచుకుని, "ముగ్గురు పోయినారయ్యా. ఒకామెకు నేనిచ్చిన మోతాదే ఎక్కువయింది" అని, ముగ్గురి పేర్లూ చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు.

"ఈయన్ను కూర్చోబెట్టండి" అన్నారు హకీంగారు. "పోయినోళ్ళను మరిచినోడు ఇంకొకని తప్పు ఎట్ల వింటాడు?"

నాకు తల కొట్టేసినట్టయింది. అందరూ వెళ్ళాక ఆయన మీద విరుచుకుపడ్డాను. "సొంత శిష్యుడి పరువు నలుగురిలో ఇట్ల తీస్తారా?"

ఆయన కోప్పడలేదు. పలక దించి, చివరి వరుస మీద వేలు పెట్టి చదివారు. పలకల గనిలో పనిచేసే ఒకాయన కూతురి పేరు అది. ఏడేళ్ళ పిల్ల. విరేచనాలు అవే కట్టుకుంటాయని నేను ధీమాగా చెప్పి పంపేసిన పిల్ల. మర్నాటికి పోయింది.

"నువ్వు రాసుకోలేదు గదా నాయనా. అందుకని నేను రాసుకున్నా."

పైన ఉన్నవాళ్ళంతా ఆయన చేతిలో పోయినవాళ్ళు. నా తప్పును కూడా తన లెక్కలోనే వేసుకున్నారు. ఆ రోజు సిగ్గుతో ఏడ్చాను. ఆ కోటు మళ్ళీ తొడగలేదు.

మొన్న ఆయన్ను మట్టి చేసి వచ్చాక, ఆయన కొడుకు పలక తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నాయన నీకిమ్మన్నాడన్నా" అన్నాడు. చివరి వరుస కింద కొంచెం ఖాళీ ఉంది. మేకు తీసుకుని, నాకు వచ్చిన తెలుగులోనే హకీంగారి పేరు గీకాను. మొదటి అక్షరం వంకరపోయింది. తుడిస్తే పోయే రాత కాదది.