అత్త నిలబడిన వరుస

పోయిన సోమవారం పొద్దున కర్నూలు ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది, మా మేనత్త పోయిందని. నాకు ఏడుపు రాలేదు. ఆమె వరుస నుంచి తప్పుకున్న వాళ్ల మొహాలే ముందు కళ్లకు కట్టాయి.

మా ఓర్వకల్లు వైపు ఊళ్లకు ఒక్కరే ఫాదర్. అందుకే పూజలో దివ్యసత్ప్రసాదం, అంటే క్రీస్తు శరీరంగా ఇచ్చే అప్పం, పంచడానికి ఆయనకు తోడుగా అత్తను నియమించారు. చర్చిలో రెండు వరుసలయ్యాయి, ఫాదర్ ముందొకటి, అత్త ముందొకటి. మొదటి ఆదివారమే, మా ఊళ్లో భూములన్నీ ఉన్న పెద్దింటాయన అత్త ముందు దాకా వచ్చి, పక్కకు జరిగి ఫాదర్ వరుసలో నిలబడ్డాడు. వెనకే కొడుకు, ఇంటిల్లిపాదీ. మాదీ వాళ్లదీ ఒకే మతం, ఒకే చర్చి. అయినా మాలగేరి ఆడమనిషి చేతి నుంచి తీసుకోవడం వాళ్లకు నామోషీ. అత్త పాత్ర పట్టుకుని అట్లాగే నిలబడింది. నాకు కడుపు మండిపోయింది.

“ఫాదరిచ్చినా నేనిచ్చినా అదే ప్రసాదం కదప్పా. వాల్లు వరస మారితే దానికేం తక్కువైతాది” అనేది అత్త. ఆ మాటతో నా మంట ఏనాడూ ఆరలేదు.

కొన్నేళ్లకు పెద్దింటాయన పక్షవాతంతో మంచం పట్టాడు. చర్చికి రాలేని రోగులకు ప్రసాదం ఇంటికి తీసుకెళ్లేది అత్తే.

“పోవద్దత్తా. నీ చేతిది వద్దన్నోడు, ఎదురుసూడనీ” అన్నాను.

అప్పటికే ప్రసాదం డబ్బా ఉన్న గుడ్డసంచి మెడలో వేసుకుంది. అందులో ప్రసాదం ఉన్నంతసేపూ దారిలో ఎవరితోనూ మాట్లాడేది కాదు, బస్సులో కండక్టరు పలకరించినా తల ఊపి ఊరుకునేది. ఇక చేసేదేం లేక బండి తీశాను.

మంచం దగ్గర “క్రీస్తు శరీరము” అని ప్రసాదం ఎత్తి పట్టుకుంది. “ఆమెన్” అనాలి. ఆయనకు నోరు తిరగలేదు. అనేదాకా అత్త చేయి దించలేదు, ఇవ్వలేదు. గడప దగ్గర నిలబడి నేను లోలోపల సంబరపడ్డాను.

“బాగా బుద్ధి చెప్పినావత్తా” అన్నాను తిరిగొచ్చేటప్పుడు.

“బుద్దేంది నాయనా. నోరు తిరగనోల్లని తొందరపెట్టకూడదు. ఆగల్ల, అంతే.”

ఆయన పోయేదాకా ప్రతి ఆదివారం వెళ్లింది. తర్వాత నన్నూ ఆ సేవకు తయారుచేసింది. వాసన సబ్బుతో చేతులు కడగొద్దని, గబగబా పంచొద్దని ఆమె చెప్పినవే ఈనాటికీ పాటిస్తాను.

అత్త అంత్యక్రియల పూజకు పెద్దింటాయన కొడుకు పూలదండతో వచ్చి ముందు బెంచీలో కూర్చున్నాడు. ఫాదర్ బండి మీది నుంచి పడి కుడిచేతికి కట్టుతో ఉన్నారు. పంచే పని నాకు అప్పగించారు. ఒకటే వరుస. పక్కకు జరగడానికి ఇంకో వరుస లేదు.

శవపేటిక పక్కన నిలబడి అతను నా ముందు చేయి చాచాడు.

“క్రీస్తు శరీరము” అన్నాను. ఆమెన్ అన్నట్టు అతని పెదవులు కదిలాయి. నేను ఇవ్వలేదు. “ఆమెన్” అన్నాడు మళ్లీ, చర్చి అంతా వినేలా.

అత్తది ఓపిక. నాది కక్ష. ఆ తేడా నాకు బాగా తెలుసు. వెనక వరుసంతా నిలిచిపోయింది. అతని ఖాళీ అరచెయ్యి నా ముందు చాచి ఉంది. ప్రసాదం ఎత్తి పట్టుకుని నేను ఆగాను.