ఉదయగిరి మస్తాన్ సిగ్గుపడిన చెక్క ముక్క

సరిపోయింది మస్తానూ! హోల్డర్ సరిపోయింది!

నా బంగారుతల్లి, మా అమ్మాయి రాజ్యం, నిన్న పొద్దున మిల్లింగ్ మిషన్‌లో కొత్త హోల్డర్ కూర్చోబెట్టి స్విచ్ వేసింది. వణుకు లేదు. ఊగడం లేదు. ఇనుము సొరకాయ తరిగినట్టు తెగింది. ఈ వయసులో గంతులు వేయొద్దని డాక్టర్ చెప్పాడు. వేశాను.

ఆ సంతోషంలోనే ఉదయగిరికి ఫోన్ చేశాను.

మస్తాన్ కొడుకు ఎత్తాడు.

"పెదనాయనా, మా నాయన తెల్లారుజామున పోయినాడు."

వెనక మిషన్ ఇంకా తిరుగుతోంది. ఆపమ్మా అన్నాను.

పోయిన వారమే మస్తాన్ అడిగాడు. "ఏందిరా రమణయ్యా, కూచుందా లేదా? నేను పొయ్యే లోపల చెప్తావా?"

కొరియర్ రాలేదురా అన్నాను. ఆ కొరియర్ ఒక్క రోజు ముందు వచ్చి ఉంటే ఏం పోయేది? ఒక్క రోజు!

తెలియనివాళ్ళకు చెబుతున్నాను.

1950ల మొదట్లో మద్రాసులో యుద్ధం నాటి పాత సామాన్లు వేలం వేస్తుంటే ఈ మిషన్ కొని ఆత్మకూరులో షెడ్డు వేశాను. ఆయిల్ ఇంజన్ల పళ్ళచక్రాలు ఇక్కడే కోయాలని నా ఆశ.

మిషన్ వచ్చింది. హోల్డర్ రాలేదు.

హోల్డర్ అంటే కోసే కట్టర్‌ని పట్టుకునే ఇనుప పిడి. దాని తోక ఏటవాలుగా సన్నబడి మిషన్ రంధ్రంలో బిగుసుకోవాలి. ఆ వాలు ఒక్కో కంపెనీది ఒక్కో రకం. వెంట్రుకవాసి తేడా ఉన్నా ఊగుతుంది.

మిషన్ మీద కంపెనీ పేరు కూడా అరిగిపోయింది. ఏ రకమని అడగను?

రంధ్రం నోరు కొలుచుకుని మద్రాసు పోయి ఒకటి తెచ్చాను. నోటి దగ్గర పట్టింది, లోపల ఊగింది.

ఇంకొకటి తెచ్చాను. అది లోపల పట్టి నోటి దగ్గర ఊగింది.

ఈసారి తేనెమైనం కరిగించి రంధ్రంలో పోసి అచ్చు తీశాను. బ్రహ్మాండంగా వచ్చింది. మన పడమటి ఎండలో బస్సు ఎక్కాను. దిగేసరికి సంచిలో ముద్ద!

మా నాయన ఒకటే మాట అన్నాడు. "వానలు పడే లోపల అది తిరగాల. లేదంటే పాత ఇనుమోడికి తోలేస్తా. నువ్వు పొలంలో మడక పట్టుకో."

అప్పుడు మస్తాన్ దగ్గరికి పోయాను. చిన్నప్పటి దోస్తు. ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు చేస్తాడు.

మైనం సంగతి విని పడీపడీ నవ్వాడు. "మైనం పట్టుకొని ఎండలో పోయినావా? ఇంకా నయం, వెన్న పట్టుకొని పోలా!"

గరిటెలు చేసే నర్ది చెక్క ముక్క ఒకటి తీసుకుని ఆత్మకూరు వచ్చాడు. రంధ్రంలో దీపం మసి పూసి, చెక్కను దూర్చి తిప్పి, నల్లగా అంటుకున్న చోటే చెక్కుతూ పోయాడు. రెండో రోజుకు ఒళ్ళంతా సమంగా మసి అంటింది. అంటే కచ్చితంగా కూర్చున్నట్టే.

ఆ ముక్క తీసుకుని నేను మద్రాసు పోయాను. దాన్ని చూపించి హోల్డర్ తెచ్చాను.

ఊగింది!!

ఎందుకూ? నేను బస్సెక్కే ముందు మస్తాన్ ఆ ముక్కను నున్నగా రుద్దాడు. గరిటెను రుద్దినట్టు. నూనె కూడా రాశాడు. వాలు మొత్తం పోయింది.

"ఎందుకు రుద్దినావురా?" అని అరిచాను.

"గరుకు సామాను చేత్తో ఎట్టా ఇచ్చేది? మా ఇంట్లో ఎవురూ ఇయ్యలా," అన్నాడు. నిజంగానే నొచ్చుకున్నాడు. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

కొండ మీద మబ్బులు కనబడుతున్నాయి. మా నాయన పాత ఇనుమోడికి కబురు కూడా పెట్టాడు.

మళ్ళీ చెక్కాడు. రుద్దొద్దురా, నీకు దండం పెడతా అంటూ నేను పక్కనే కూర్చున్నాను. ఇద్దరం కలిసి పోయాం. మద్రాసు దాకా ఆ ముక్కను తువ్వాల్లో చుట్టి చంకలో దాచుకున్నాడు మహానుభావుడు! కొట్లో కూడా బయటికి తీయడే! "ఎవురైనా చూస్తే ఉదయగిరి పనంటే ఇదేనా అంటార్రా."

నేనే లాక్కున్నాను. కొట్లో ఒక్కో వాలుకు ఒక్కో ఇనుప గొట్టం ఉంది. ముక్కకు మసి పూసి ఒక్కోదాంట్లో దూర్చి తిప్పాం. ఊగింది. ఊగింది. ఇదీ ఊగింది. చివరికి దుమ్ము పట్టిన ఒకదాంట్లో చప్పుడు లేకుండా కూర్చుంది. ఆ రకం హోల్డర్ కొన్నాం.

వానలకు ముందే మిషన్ ఇనుము కోసింది. మా నాయన ఇనుప రజను కాస్త అరచేతిలోకి తీసుకుని చూశాడు. నేను మడక పట్టలేదు. మా పిల్లలు తిన్నది ఆ మిషన్ తిండే.

ఆ రోజు తిరుగు బస్సులో మస్తాన్ ఆ ముక్కను కిటికీలోంచి విసిరేయబోతే నేను పట్టుకున్నాను. అప్పటినుంచి షెడ్డుకు వచ్చినప్పుడల్లా అదే అడిగేవాడు. "ఆ దరిద్రపు ముక్క ఇంకా ఉండాదా? పొయ్యిలో పెట్టరా."

పెట్టలేదు మస్తానూ. పోయిన ఏడు ఆ హోల్డర్ తోక చిట్లి ముక్కలైంది, కొలతకు కూడా పనికిరాలేదు. ఆన్‌లైన్‌లో అన్నిటికీ "కంపాటిబుల్" అనే రాస్తారు, ఫోటోలో అన్నీ ఒకేలా ఉంటాయి. వచ్చినవన్నీ ఊగాయి. రిటర్న్, మళ్ళీ రిటర్న్. ఆఖరికి రాజ్యం నీ ముక్కనే చెన్నై తీసుకుపోయింది. ఎండి కాస్త సన్నబడింది గానీ వాలు అలాగే ఉంది. అది చూసే అక్కడి కొట్టువాళ్ళు సరైనది తెప్పించి పంపారు.

నీకు చెప్పాలని ఫోన్ చేస్తే నువ్వు లేవు.

పోయిరా నాయనా. నువ్వు పోయిన చోట చేతికి తగిలేదంతా నున్నగా ఉండాలి. నీ మనసు నెమ్మదిగా ఉండాలి.

ఇది చదివినవాళ్ళు వీళ్ళకు చెప్పండి. ముందు హోల్డర్ సరిపోయిందని చెప్పి, తర్వాత మస్తాన్ పోయాడని చెప్పండి.

దుత్తలూరులో మా చిన్నక్కకు.
కలిగిరి బావకు. ఆయన ఫోన్ ఎత్తడు, ఇంటికి పోయి చెప్పాలి.
చేజర్లలో మా తమ్ముడికి, మరదలికి.
మస్తాన్ చెల్లెలు ఖాసింబీకి.

మస్తాన్ ఇంటామె కరీమున్‌కు మాత్రం హోల్డర్ సంగతి నేనే చెప్పుకుంటాను. ఆమెకు చెవులు వినపడవు. రేపు పోయి ఆ గరుకు ముక్క చేతిలో పెడతాను.