జేబెజ్ యూరెన్ పూసిన మట్టి

వాటిల్ క్రీక్ జిల్లాలో బంగారం లేనిచోట ఉందని చెప్పినవాళ్ళ పేర్లు కావాలంటే జనాభా లెక్కల పుస్తకం తెరిస్తే చాలు, అందరూ అందులోనే దొరుకుతారు. ఉన్నచోట లేదని చెప్పినవాడు మాత్రం ఒక్కడే. అతని పేరు జేబెజ్ యూరెన్.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా వలసరాజ్యంలో వాగు ఒడ్డున ఇసుక కడిగితే బంగారం దొరికే రోజులు అప్పటికే వెళ్ళిపోయాయి. ఇక భూమిలోకి నిలువునా తవ్వి, అడుగున సొరంగాలు తొలిచి, పలుగురాయి పగలగొట్టాలి. ఆ విద్య తెలిసినవాళ్ళు ఇంగ్లండు పడమటి కొసనున్న కార్న్‌వాల్ నుంచి ఓడల్లో వచ్చి దిగారు. జేబెజ్ వాళ్ళలో ఒకడు. తొమ్మిదో ఏట భూమి కిందికి దిగినవాడు అరవై ఒకటో ఏట కూడా దిగుతూనే ఉన్నాడు. ఆదివారం ఒక్కరోజు పైన ఉండి, చాపెల్ అనే చిన్న చర్చిలో సత్యవాక్కు గురించి గంటసేపు ప్రసంగించేవాడు.

అతను పనిచేసే గని పేరు ఓపిక గల వితంతువు. ఎవరు పెట్టారో గాని, వాటాదారుల భార్యలను దృష్టిలో పెట్టుకునే పెట్టి ఉంటారు. ఆరు నెలలకొకసారి సర్కారువారు జిల్లా గనుల ప్రగతి గురించీ భవిష్యత్తు గురించీ ఒక నివేదిక అచ్చువేసేవారు. అందులో గనికొక వాక్యం. పదకొండేళ్ళుగా ఈ వితంతువు వాక్యం మారలేదు: "భవిష్యత్తు ఉజ్జ్వలం." మెల్బోర్న్‌లో వాటాదారులు అది చదివి కాఫీ తాగేవారు. గనిలో మనుషులు ఆ కాగితంలో పాస్టీలు చుట్టుకునేవారు.

జేబెజ్ పాస్టీ అతని భార్య లవ్‌డే చేసేది. మాంసం, బంగాళాదుంప, టర్నిప్ ముక్కలు పిండిలో పెట్టి, అంచు మడిచి, మూలన అతని పేరులో మొదటి అక్షరాలు చెక్కి కాల్చేది. ఒక ఉదయం పాస్టీ చేతికిస్తూ ఆమె అంది:

"నూట పన్నెండు."

"ఏమిటవి?"

"దగ్గులు. మొన్న నూట నాలుగు. గని భవిష్యత్తు సర్కారువాళ్ళు రాస్తారు. నీ భవిష్యత్తు నేను రాస్తున్నాను."

"ఒక్క మంచి రాయి తగలనీ లవ్‌డే. వాగు అవతల ఆ ఆపిల్ తోట కొనేసి, ఆవును కట్టేసి, మళ్ళీ కిందికి దిగితే ఒట్టు."

"ఈ ఒట్టు నా పెళ్ళినాటి బూట్లకంటే పాతది," అంది లవ్‌డే.

ఆమె మాట తప్పు కాదు. రాతిదుమ్ము అతని ఊపిరితిత్తుల్లో యాభై ఏళ్ళుగా కాపురం ఉంటోంది. ఇంకో రెండేళ్ళు కిందనే ఉంటే అతను శాశ్వతంగా కిందనే ఉంటాడని డాక్టరు మర్యాదగా చెప్పాడు.

ఆ గనిలో కూలీ లేదు. ఎవరు తవ్విన రాయిలో వాళ్ళకు వంతు. రెండు నెలలకొక శనివారం గని ఆఫీసు మెట్లమీద వేలం. ఎవరు తక్కువ వంతు అడిగితే ఆ చోటు వాళ్ళది. కెప్టెన్ ఒక గులకరాయి గాల్లోకి ఎగరేస్తాడు. అది నేల తాకేలోపు ఆఖరి మాట ఎవరిదైతే బేరం వాళ్ళదే. కెప్టెన్ అంటే ఓడ ఎక్కినవాడూ కాదు, యుద్ధం చూసినవాడూ కాదు. కార్న్‌వాల్ వాళ్ళు గని మేనేజరును అలా పిలుస్తారు. ఇతని పేరు హానిబాల్ ట్రెగియర్. వేలానికి ముందు కెప్టెన్ ప్రతి చోటూ దిగి చూస్తాడు. రాయి గొడ్డుదైతే తవ్వేవాడికి పెద్ద వంతుతో పాట మొదలుపెడతాడు, మెరిస్తే చిన్న వంతుతో.

వేలం ఇంకా పదిరోజులుందనగా, నాలుగు వందల అడుగుల లోతున జేబెజ్ సుత్తిదెబ్బకు ఒక పెళ్ళ ఊడిపడింది. వెనక పలుగురాయిలో జానెడు వెడల్పున బంగారం, వెన్నలో కలిపిన చక్కెరలా. అతని జోడీ డికన్ పాస్కో నోరు తెరిచాడు.

"మూసుకో," అన్నాడు జేబెజ్.

"నేనేమీ అనలేదుగా మామా."

"నువ్వు ఊపిరి తీసినా ఊరంతా వింటుంది. మట్టి ఇలా తే."

కార్న్‌వాల్ మనిషి దగ్గర మట్టికి కొదవ ఉండదు. తడిమట్టి ముద్దతోనే కొవ్వొత్తిని టోపీకి అంటిస్తాడు, గోడకి అంటిస్తాడు. జేబెజ్ మట్టి జిల్లాలోకెల్లా పేరున్నది. వాగు ఒడ్డున తానే తవ్వి, మేక వెంట్రుకలు కలిపి, మూడు రోజులు తొక్కేవాడు. ఇప్పుడు దానిలో రాతిపొడి కలిపాడు, కొవ్వొత్తి మసి కలిపాడు, బొటనవేలితో పగుళ్ళు దిద్దాడు, ఉలితో గాట్లు పెట్టాడు. గంటన్నర తర్వాత అక్కడ బంగారమూ లేదు, మట్టీ లేదు. గొడ్డురాయి ఒక్కటే ఉంది.

"సృష్టికర్త కూడా ఇంత ఓపిగ్గా చేసి ఉండడు మామా," అన్నాడు డికన్.

చోటు మరిచిపోకుండా ఉండటానికి జేబెజ్ సరిగ్గా దానిమీద ఒక మట్టిముద్ద అంటించి, అందులో కొవ్వొత్తి గుచ్చాడు.

కెప్టెన్ గురువారం దిగాడు. ముఖం వాడిపోయి ఉంది. గోడంతా చేత్తో తడిమాడు.

"ఏమంటావు జేబెజ్?"

"మీకు కనిపిస్తున్నదే నాకూ కనిపిస్తోంది కెప్టెన్ గారూ."

"రాయి."

"రాయే."

ఇందులో అబద్ధమేమీ లేదని జేబెజ్ తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. కనిపిస్తున్నదాని గురించే కదా మాట్లాడింది. కెప్టెన్ నిట్టూర్చాడు.

"డికన్ చెబితే నమ్మను. నువ్వు చెబితే నమ్ముతాను. చాపెల్‌లో నీ ప్రసంగాలు విన్నవాణ్ణి." ఇంతలో అతని టోపీమీది కొవ్వొత్తి ఊడిపోబోయింది. "నా మట్టి ఎండిపోయింది. కాస్త తీసుకుంటున్నాను." గోడమీది ముద్దను పెకలించి టోపీకి అద్దుకుని, నిచ్చెన ఎక్కి వెళ్ళిపోయాడు.

శనివారం మధ్యాహ్నం ముప్ఫైమంది ఆఫీసు ముందు చేరారు. కెప్టెన్ మెట్లెక్కాడు. చేతిలో గులకరాయి లేదు, ఉత్తరం ఉంది.

"ఎక్కడైనా సరే, మెరిసే చోటు ఒక్కటి ఉంటే గనిలో నీళ్ళు తోడే ఆవిరి పంపు తిప్పమన్నారు మెల్బోర్న్‌వాళ్ళు. లేకపోతే ఆపమన్నారు. అన్నీ చూశాను. ఆఖరికి జేబెజ్ చోటు మీద ఆశ పెట్టుకున్నాను. అతనే రాయి అన్నాడు. ఈ ఉదయం పంపు ఆపేశాం. మీ పనిముట్లు తీసుకెళ్ళండి."

ముప్ఫైమందీ జేబెజ్ వైపు తిరిగారు. ఆ చూపుల్లో కోపం లేదు, గౌరవం ఉంది. ఒక ముసలాయన భుజం కూడా తట్టాడు. "చివరికి ఈ జిల్లాలో ఒకడైనా నిజం చెప్పాడయ్యా."

జనం కదిలాక జేబెజ్ ఆఫీసులోకి వెళ్ళి టోపీ తీశాడు.

"కెప్టెన్ గారూ, అక్కడ బంగారం ఉంది."

కెప్టెన్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నువ్వు కూడానా జేబెజ్."

"మట్టి పూశాను."

"నేను చేత్తో తడిమాను. మట్టికీ రాతికీ తేడా తెలియకుండానే నలభై ఏళ్ళు గనుల్లో బతికానా? ఏ గని మూసినా ఆఖరిరోజున ఎవడో ఒకడు ఇలాగే వస్తాడు. ఇంకో పది అడుగులంటాడు, కలొచ్చిందంటాడు. మట్టి పూశానని మాత్రం ఇంతవరకు ఎవడూ అనలేదు. అది కొత్త."

"డికన్‌ని అడగండి."

గుమ్మంలోంచి డికన్ తల పెట్టి, "ప్రమాణం చేసి చెబుతాను కెప్టెన్ గారూ, నా కళ్ళతో చూశాను," అన్నాడు. దాంతో మిగిలిన నమ్మకం కాస్తా పోయింది.

అయినా కెప్టెన్ చెడ్డవాడు కాదు. "నీళ్ళు నీ మట్టానికి ఎక్కడానికి ఇంకో రెండు గంటలు పడుతుంది. ఒక్క ముక్క పట్టుకురా. నా సొంత కట్టెలతో పంపు తిప్పిస్తాను," అన్నాడు.

నాలుగు వందల అడుగుల నిచ్చెనలు. దిగేటప్పుడే జేబెజ్ ఏడుసార్లు ఆగి దగ్గాడు. కింద నీళ్ళు అప్పటికే చీలమండలు తాకుతున్నాయి. కొవ్వొత్తి ఎత్తి గోడ చూశాడు. గోడంతా గొడ్డురాయి.

"ఎక్కడ మామా?"

"నా కొవ్వొత్తి ముద్ద ఉండాలే."

"అది కెప్టెన్ టోపీమీద ఉంది."

జేబెజ్ ఒకచోట సుత్తితో కొట్టాడు. రాయే. జానెడు పక్కన కొట్టాడు. అదీ రాయే. తాను దిద్దిన పగులు ఏదో, దేవుడు దిద్దిన పగులు ఏదో అతనికే తెలియలేదు. బొటనవేళ్ళతో గోకాడు, చెవి ఆనించి విన్నాడు. జీవితంలో ఒక్కసారి లోపమే లేని పని చేశానన్న సంగతి అతనికి అప్పుడు తెలిసింది. నీళ్ళు మోకాళ్ళకు వచ్చాయి.

"గనిలోని రాతిదయ్యాలకు ఆనవాయితీగా వదలాల్సిన పాస్టీ మూలముక్క నేనే తినేశాను మామా, రెండు వారాలుగా," అన్నాడు డికన్ ఏడుపుగొంతుతో. "దాచేశాయి అవి."

"దాచింది నేనురా. జరుగు, అక్కడ కొట్టు."

నీళ్ళు నడుముకు వచ్చాయి. అప్పుడు వాళ్ళు కొట్టని చోట, నీటి అంచున, గోడ మెత్తబడింది. ఒక పొర జారింది, ఇంకొకటి జారింది. నీళ్ళు తమంతట తామే జేబెజ్ పనితనాన్ని కడిగేశాయి. కొవ్వొత్తి వెలుగులో జానెడు వెడల్పు బంగారం తళుక్కుమంది. జేబెజ్ సుత్తి ఎత్తి బలమంతా పెట్టి కొట్టాడు. పెళ్ళ విరిగిన చప్పుడైంది. అదే క్షణాన దగ్గు వచ్చి అతన్ని వంచేసింది. టోపీ, దానిమీద ఉన్న ఒక్క కొవ్వొత్తితో సహా, నీళ్ళలో పడింది. చీకటి. ముఖం నీళ్ళలో మునుగుతుండగా రెండు చేతులతో అడుగంతా వెతికాడు. పిడికెడు బరువైన ముద్ద ఒకటి చేతికి తగిలింది. దాన్ని గుండెకు అదుముకున్నాడు. డికన్ అతని కాలరు పట్టుకుని నిచ్చెన దగ్గరికి ఈడ్చాడు.

ఎక్కడానికి రెండు గంటలు పట్టింది. ఒంటి చేత్తో ఎక్కాడు. రెండో చెయ్యి తెరవలేదు. "ఇలా ఇవ్వు మామా, నేను పట్టుకుంటాను," అని డికన్ ప్రతి మజిలీలోనూ అడిగాడు. "నీ చేతికిస్తే అది కూడా అబద్ధమైపోతుంది," అన్నాడు జేబెజ్.

పైన కెప్టెన్, లవ్‌డే నిలబడి ఉన్నారు. జేబెజ్ చెయ్యి చాచి, పిడికిలి తెరిచాడు.

అది మట్టి. మేక వెంట్రుకలు కలిసిన, చక్కగా తొక్కిన, అతని సొంత మట్టి. ఆరిన చోట అచ్చం రాయిలా ఉంది.

కెప్టెన్ ఆ ముద్దను చాలాసేపు వేళ్ళతో నలిపి చూశాడు. చివరికి అన్నాడు: "మంచి మట్టి జేబెజ్. మా వంటింటి పొగగొట్టం ఏడాదిగా పగిలి ఉంది. సోమవారం వస్తావా?"

లవ్‌డే తన శాలువా తీసి భర్త భుజాలమీద కప్పింది. "వస్తాడు," అంది.

ఆ ఆరు నెలల నివేదికలో వాక్యం మొదటిసారి మారింది: "ఓపిక గల వితంతువు: భవిష్యత్తు శూన్యం." పదకొండేళ్ళు అబద్ధమైన వాక్యాన్ని సరిదిద్దబోయి సర్కారువారు మళ్ళీ అబద్ధమే అచ్చువేశారు.

జేబెజ్ మళ్ళీ భూమి కిందికి దిగలేదు. దిగడానికి గని ఉంటే కదా. కెప్టెన్ పొగగొట్టం చూసి పోస్టుమాస్టరు పిలిచాడు, తర్వాత చాపెల్‌వాళ్ళు పిలిచారు. జిల్లాలో పగిలిన ప్రతి గోడా అతని కోసం ఎదురుచూసింది. ఎండలో, గాలిలో పని. దగ్గులు అరవైకి దిగాయి, తర్వాత ముప్ఫైకి. డాక్టరు చెప్పిన రెండేళ్ళు పదిహేడేళ్ళయ్యాయి. ఆపిల్ తోట కొనలేకపోయాడు గాని, దాని ప్రహరీ పూసినందుకు ఏటా రెండు బుట్టల పళ్ళు వచ్చేవి.

సాయంత్రం చాపెల్ ముందు టీ తాగుతూ అందరికీ చెప్పేవాడు: ఆ వితంతువు కింద, నాలుగు వందల అడుగుల్లో, జానెడు వెడల్పున. వినేవాళ్ళు తలలూపేవారు. అక్కడ కూర్చున్న ప్రతి ముసలాయనకూ ఎక్కడో ఒకచోట జానెడు వెడల్పు ఉంది. నిజం చెప్పే ఒక్కడూ ముసలితనంలో మిగతావాళ్ళలో కలిసిపోయాడని అందరికీ జాలి.

కెప్టెన్ ట్రెగియర్ మాత్రం ఏటా ఒకసారి వచ్చేవాడు. జేబెజ్ ఇంటికి కొత్తగా పూసిన గోడ ముందు నిలబడి, చేత్తో తడిమి, కళ్ళజోడు సర్దుకునేవాడు.

"లోపల ఏముంది జేబెజ్?"

"రాయే కెప్టెన్ గారూ."

కెప్టెన్ కోటు జేబులోంచి చిన్న సుత్తి తీసేవాడు.