లోపలి ప్లగ్గులు

కారులోంచి తీయించిన పాత స్పార్క్ ప్లగ్గులు నాలుగూ కవర్లో వేసుకుని లింగంపల్లిలో ఎంఎంటీఎస్ రైలు ఎక్కాను. అవి నకిలీవని వేరే గ్యారేజీలో తేలింది. వాటిని బిగించిన బోరబండ మెకానిక్‌ని నిలదీయాలని నా కోపం. అతను మోసగాడని మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే రాసేశాను కూడా.

పక్క సీటులో గోళ్ల నిండా గ్రీజున్న నడివయసు మనిషి ఒక ప్లగ్గు అడిగి తీసుకున్నాడు. నా గొడవంతా విని, ఏ కారో కనుక్కున్నాడు. తర్వాత చొక్కా చెయ్యి మడిచి, మోచేతి దాకా కాలిన మచ్చలు చూపించాడు.

“గా ఇంజన్ల ప్లగ్గులు మస్తు లోపలుంటయి సార్. నకిలీవని ఎరుకున్నోడు గంత కష్టపడి పెట్టడు. చెడిపోతే మళ్ల తియ్యాల్సింది ఆయనే గద. అమ్మినోడు ఆయన్ని గూడ ముంచినట్టుంది.”

బోరబండ వచ్చింది. అతను ప్లగ్గును రుమాలుతో తుడిచి నా కవర్లో వేసి దిగిపోయాడు. పోట్లాడటానికి బయలుదేరినవాణ్ణి, ఆ మెకానిక్‌కి క్షమాపణ చెప్పడానికి సీట్లోంచి లేవలేకపోయాను.

గ్రూపులో ఆ మెసేజ్ సాయంత్రం తీసేశాను. అప్పటికే అందరూ చదివేశారు. పొరపాటు నాదేనని మాత్రం ఇప్పటిదాకా రాయలేదు.