జర చెయ్యి పట్టుకో

అగ్నిమాపక కేంద్రంలో నాతోపాటే ఉద్యోగంలో చేరిన అతనికి ఒక అలవాటుండేది. ప్రమాదం దగ్గర ఎవరినీ పొమ్మని అరిచేవాడు కాదు, తనకే సాయం కావాలన్నట్టు అడిగేవాడు. జనం ఇట్టే వినేవారు. అది చూస్తే నాకు కడుపు మండేది.

ఒకరోజు బిచ్కుంద దారిలో యాసిడ్ ట్యాంకర్ బోల్తా పడింది. తెల్లటి పొగ రోడ్డు మీదికి పాకుతోంది. అక్కడ ఆగిపోయిన షేర్ ఆటోలో, అంగడి నుంచి వస్తున్న మా అమ్మ ఉంది. ఒళ్లో మిరపకాయల మూట.

"అమ్మా, దిగు! ఉరుకు!" అని గొంతు చించుకున్నాను.

"మూట ఇడిసిపెట్టి యాడికి పోవాల్రా?" అని ఆమె కదల్లేదు. ఆమెను చూసి మిగతావాళ్లూ దిగలేదు.

అతను ఆటో దగ్గరికి వెళ్లి వంగాడు. "అవ్వా, నాకు మోకాలు నొస్తుంది. గా గట్టు దాకా జర చెయ్యి పట్టుకొని నడిపిస్తవా?"

"అయ్యో బిడ్డా!" అంటూ అమ్మ మూట వదిలేసి దిగింది. అతన్ని పట్టుకుని, గాలి వచ్చే వైపు పొలం గట్టెక్కింది. వెనకాలే ఆటో అంతా ఖాళీ అయింది. మేం మట్టికట్ట వేసి యాసిడ్ కాలువలో కలవకుండా ఆపాం.

సాయంత్రం ఎర్రబడ్డ కళ్లతో ఇంటికి వెళితే అమ్మ అడిగిన మొదటి మాట, "ఆ పిలగాని మోకాలు ఎట్లుందిరా?"

అతను బదిలీ అయి వెళ్లిపోయాడు. ముసురు పట్టినప్పుడల్లా అమ్మకు ఇంకా ఆ మోకాలే ఫికర్. దానికి ఏ నొప్పీ లేదని చెప్పాలని నోటిదాకా వస్తుంది. చెబితే, "నన్ను బతికిచ్చెతందుకు ఎంత మంచి అబద్ధమాడిండురా!" అని ఇంకా మురిసిపోతుంది. అందుకే చెప్పను.