టేపులో లేని అడుగు

పదకొండేళ్ళుగా మూడడుగుల నేల నా గుండె మీద ఉంది. ఎవరికీ చెప్పలేదు. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

పొలాలు కొలిచి బతుకుతాను. లెక్కలు సొంతంగా నేర్చుకున్నవే. పోయిన నెల తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రైల్లో ఒక నవల చదివాను. చచ్చినవాళ్ళ కథ. అక్కడ మనిషికి ఆరడుగుల చోటిస్తారు. పగిలిన తలని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో పక్కవాడి చోటు కొలుస్తుంటాడు ఒక రైతు. వాడికి జానెడు ఎక్కువిచ్చారట! పైకే నవ్వేశాను. ఇంత నెత్తురులో ఇంత నవ్వు పుట్టించినవాడు గొప్పవాడే. తర్వాతి పేజీలో ఆగిపోయాను. ఆ చచ్చినవాళ్ళకి కొట్టినవాడి మీద కోపం లేదు. కొలిచినవాణ్ణి వెతుకుతున్నారు.

పదకొండేళ్ళ కిందట సంగం జాగర్లమూడి దగ్గర అన్నదమ్ముల పొలం పంచాను. నా టేపు మొదటి అడుగు ఎప్పుడో తెగిపోయింది. టేపు వేసిన ప్రతిసారీ ఒక అడుగు కలపాలి. తమ్ముడి వాటాకి మూడుసార్లు వేశాను. ఒక్కసారీ కలపలేదు.

"బాబాయ్, హద్దురాయి నా వైపుకొచ్చినట్టుందండి. ఇంకోసారి కొలవండి," అన్నాడు తమ్ముడు.

"నా లెక్క ఎప్పుడన్నా తప్పిందంట్రా?" అన్నాను.

అన్న నవ్వాడు. "బాబాయ్ లెక్క కూడా నీ పెళ్ళాన్నడిగి నమ్ముతావేంట్రా?"

తమ్ముడు పార ఎత్తాడు. మొదటి దెబ్బ భుజానికి. రెండోది మెడకి. మూడోదానికి తల పగిలింది. అన్న గట్టు మీంచి కాలవలోకి జారాడు, నీళ్ళు ఎర్రబడ్డాయి. నేను దెబ్బలు లెక్కపెడుతూ నిలబడ్డాను. భయమా? భయమే అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఆ రెండో దెబ్బకీ మూడోదానికీ మధ్య, "ఆగరా, మళ్ళీ కొలుస్తాను" అనడానికి సరిపడా సమయం ఉందని ఇప్పటికీ నా లెక్కలో తేలుతూనే ఉంటుంది.

టేపు చుడుతుంటే చివర తడిగా తగిలింది. నెత్తురు. తుడిచాను. కింద ఒకటో అంకె కనిపించింది. అడుగు కలపడం మరిచానని అప్పుడు తెలిసింది.

పోలీసులకి కొలత సరిగ్గానే ఉందని చెప్పాను.

తమ్ముడు జైలు నుంచి వచ్చి బాపట్లలో ఉంటున్నాడు. లేనిపోని అనుమానంతో అన్నని చంపుకున్నానని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతాడట. రెండుసార్లు బాపట్లలో దిగాను. రెండుసార్లూ స్టేషన్ దాటలేదు. ఈ కాగితం ముందు అతనికే వెళ్తుంది, మీకు తర్వాత. పార ఎత్తింది అతనే. అది నేను మార్చలేను. కానీ అతని అనుమానం నిజం. రాయి మూడడుగులు లోపలికి పాతాను.

నా లెక్క తప్పింది.